జ్వరం చూసి నవ్వారు

చిన్నోడా,

నువ్వు జ్వరంతో పోయి ఇవాళ్టికి ఏడాది. విడాకులైనా అమ్మానాన్నలు ఇంకా చైతన్యపురి ఫ్లాటులోనే, చెరో గదిలో ఉంటున్నారు. వాళ్ల మధ్య నువ్వు మోసిన మాటలు ఇప్పుడు నేను మోస్తున్నాను.

పొద్దున టీవీలో ఇలాంటి జంట మీదే ఓ కామెడీ వచ్చింది. జ్వరమొచ్చిన పిల్లాడు తనను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారని అడుగుతూ రెండు గదుల మధ్య తిరిగాడు, గోడ పట్టుకుని నువ్వు తిరిగినట్టే. మన సోఫాకి చెరో చివర కూర్చుని అమ్మా నాన్నా ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

తర్వాత నీ ఫొటోకి దండ తెచ్చాను.

"ఎయ్యమని మీ నాన్నకు చెప్పు," అంది అమ్మ.

"మీ అమ్మనే ఎయ్యమను," అన్నాడు నాన్న.

నేనే వెయ్యొచ్చు. వెయ్యలేదు. కవర్లోనే వాడిపోనిచ్చాను.