పండని హాలీ పొదలు

పెన్సిల్వేనియా,
నవంబరు 9

తమ్ముడు ఓరిన్‌కు,

వెర్నా అక్క శనివారం నీ మొక్కల నర్సరీకి వస్తుందట. నువ్వు నోరు జారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మ పోయాక ఆవిడ పెరట్లోని నాలుగు హాలీ పొదల్లో మూడింటిని అక్క తవ్వుకుపోయింది. క్రిస్మస్‌కు ఎర్రటి పండ్లతో నిండేవి అవే. నాలుగోదాన్ని నాకు చూపించి, మీ బావ వింటుండగానే, "ఇది గొడ్డుదే. నీకు తోడుగా ఉంచుకో" అని నవ్వింది. ఆ నెలలోనే నాకు మూడోసారి కడుపు పోయింది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

అది మగ పొద అని నీకు తెలుసు. దాని పుప్పొడి అందక అక్క పొదలకు మూడేళ్లుగా ఒక్క పండూ లేదు. ఏడాది పొడవునా పచ్చగా, గుండ్రంగా ఉంటాయి, అంతే. నేను మూడు ఆడమొక్కలు కొని దాని పక్కన నాటాను. నిరుడు చర్చి తలుపుకు నా కొమ్మలతోనే దండ కట్టారు. అక్క దాని కిందనుంచే లోపలికి నడిచింది.

"ఎందుకు కాయట్లేదురా?" అని నిన్ను అడుగుతుంది. మగమొక్క మాట ఎత్తకు. నీకు అబద్ధం చేతకాదని తెలుసు. అయినా నాకోసం, ఇంకో ఏడాది చూడమని చెప్పు. నాకు డాక్టర్లు అలాగే చెప్పేవారు.

నీ చిన్నక్క