చిటారు కొమ్మ లేతాకులు

జూలై 6
ట్యూబులో మళ్లీ గోధుమరంగే. కొండ సాంబ్రాణి ముదురాకులో జిగురు ఎక్కువ. అది పట్టుకుంటే డీఎన్ఏ పాడైపోతోంది. ఇది ఏడోసారి. మా గైడు సార్ ట్యూబును వెలుతురుకు ఎత్తి చూసి, "లేతాకు తెచ్చుకో. లేకపోతే ఈ ఏడాది ఇంతే" అన్నారు.
కర్నూలు నుంచి ఆత్మకూరు అడవికి మళ్లీ పోవాలి. అక్కడి గుట్ట మీద ఈ చెట్లు ఎనిమిదే మిగిలాయి.

జూలై 9
హుసేనప్పను పిలిపించాను. చెట్లెక్కడంలో ఆయన తర్వాతే ఎవరైనా. రాత్రి వాన పడింది, బెరడంతా నున్నగా ఉంది. సగం ఎక్కి ఆగాడు.
"ఈడివి సాలవా మేడమ్? పైకొమ్మ నమ్మేట్టు లేదు."
"ఇంకొంచెం పైకి హుసేనప్పా... చిగురు కావాలి."
నేనే అన్నాను.
కొమ్మ విరిగింది. ఇంక రాయలేను.

జూలై 10
హుసేనప్ప లేడు.
నిన్న చెట్టు కింద ఆయన పిడికిలి విప్పితే ఆకులు. నలగను కూడా లేదు. ఆయనలో ఊపిరి లేదని తెలిసే తీసి కవర్లో వేశాను. పైన నంబరు రాశాను — అలవాటుగా.

జూలై 12
ప్రమాదం రిపోర్టు సార్ రాశారు: 'వద్దన్నా వినకుండా తనే ఎక్కాడు.' సంతకం పెట్టమన్నారు. "లేకుంటే నీ పరిశోధనా ఉండదు, నా ల్యాబూ ఉండదు."
పెట్టాను.

జూలై 13
చేతులు ఎన్నిసార్లు కడిగినా అదే ఆకు జిగురు వాసన.

జూలై 21
ఆ కవరు ఫ్రీజర్లోంచి తీశాను. నూరాను. ట్యూబులో తెల్లటి దారం తేలింది — మరక లేదు. ఈ చెట్టు నుంచి ఇంత మంచి డీఎన్ఏ ఎప్పుడూ రాలేదని సార్ చప్పట్లు కొట్టారు. ట్యూబు ఫ్రీజర్లో పెట్టి బయటికి పోయాను.

జూలై 24
ఆకులు ఎలా సేకరించానో థీసిస్‌లో చెప్పాలి. 'మనిషిని చెట్టెక్కించి కోయించిన చిటారు లేతాకులు' అని రాశాను. సార్ కొట్టేశారు. "రాలినవి అని రాయి."
రాలిన ఆకులోంచి ఇంత డీఎన్ఏ వస్తుందా? ఆయనకు తెలియదా?

జూలై 27
ఆత్మకూరు. హుసేనప్ప భార్య మస్తానమ్మ గడపలో కూర్చుని ఉంది.
"వద్దన్నా ఎక్కినాడంట కదా... తిక్కోడంటాండారు మేడమ్, ఊరంతా. వాన పడిన చెట్టు ఎక్కగూడదని ఆయప్పకు తెలీదా?"
"తెలుసు. పైకొమ్మ నమ్మేట్టు లేదన్నాడు. నేనే పైకి పొమ్మన్నాను."
ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. లోపలికి పోయి కూతురి నోటుబుక్కులోంచి ఒక కాగితం చించుకొచ్చింది.
"ఆ మాట ఈడ రాయి."
"రేపు టైపు చేయించి తెస్తాను..."
"రేపు గాదు. ఈడే. నీ సేత్తో."
రాశాను. సంతకం పెట్టాను. మడిచి కొంగున ముడేసుకుంది.
"ఇంక పో మేడమ్."
నీళ్లు అడగబోయి మానుకున్నాను.

జూలై 29
పొద్దున్నుంచి సార్ ఫోను, మూడుసార్లు. ఎత్తలేదు. మస్తానమ్మ ఆ కాగితం ఎవరికి చూపిందో... అసలు చూపిందో లేదో.
ల్యాబుకు పోయాను. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. మాటలు వినిపిస్తున్నాయి — సార్ గొంతు, మస్తానమ్మ గొంతు: "ఇది మేడమ్ సేత్తో రాసిందే."
తట్టాను. మాటలు ఆగిపోయాయి.