వానెరగని సంచులు

జూన్, ఆదివారం. మబ్బు లేదు. పొద్దున మోటార్‌సైకిల్ చైన్ కడిగాను.

సుజాతా, మన పాప రేపు ఒక్కతే ఈ బండి మీద ఆగుంబె కొండల వానల్లోకి పోతోంది. బండికి కొత్త పెట్టెలు బిగిస్తానంటే ఒప్పుకోలేదు.

"అమ్మ కుట్టిన సంచులే కట్టు నాయనా."

రాయదుర్గంలో జీన్సు కుట్టే రోజుల్లో, మిగిలిన గుడ్డతో నువ్వు కుట్టినవి. నువ్వు ఉన్నప్పుడూ, పోయాక కూడా అవి ఈడ వానలో తడిసింది లేదు. కుట్ల దగ్గర కారతాయేమోనని నా భయం. మైనం కరిగించి రుద్ది, లోపల కాగితాలు పెట్టి, రెండు బిందెల నీళ్లు పోశాను.

"కొళాయి నీళ్లొచ్చి వారమాయ, సంచులకు తానం చేయిస్తాండావా?" అని నవ్వింది.

తెరిస్తే కాగితాలు పొడిగా ఉన్నాయి.

"చూసినావా, మాయమ్మ కుట్టు!" అని వీధంతా వినేలా అరిచింది. ఆ మాట నీకు రాస్తున్నాను. పాప పిలుస్తోంది. చైన్‌కు నూనె వేయాలంట.