పద్దెనిమిది గోళ్లు

జూన్ 3, మంగళవారం

సుజాత ఫోను చేసింది. పొద్దున్నే. కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. "నాయనా, షాపులో కుక్కల గోళ్లు తీసేదానికి ఇంకొక చెయ్యి కావల్ల. వస్తావా?"

వస్తావా అని అడగాలా! నా కూతురు, నా చేతిని అడిగింది! ఎద్దులకు లాడాలు కొట్టడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ట్రాక్టర్లు వచ్చాయి, జమ్మలమడుగులో బండలు మోసే ఎద్దుబండ్లు పోయాయి, నా సుత్తి గూట్లో చేరింది. అప్పటినుంచి ఈ చేతిని ఎవరూ పనికి పిలవలేదు. ఈ పొద్దు పిలిచారు. దేవునికి స్తోత్రం, స్తోత్రం. కాఫీ చల్లారిపోయింది, అట్లాగే తాగేశాను.

జూన్ 4, బుధవారం

ఏడు గంటల బస్సుకు ప్రొద్దుటూరు. సుజాత షాపు ఇదివరకు చూసిందే. పనివాడిగా చూడటం మొదటిసారి. ముందు గదిలో ఎత్తు బల్ల, గోడకు దువ్వెనలు, కత్తెరలు. వెనక గదిలో నీళ్లతొట్టి, బొచ్చు ఆరబెట్టే గాలి మిషను. నేలంతా తెల్ల టైల్స్. ఊళ్లో వాళ్లు కుక్కల సెలూన్ అంటున్నారు. అననీ! బెంగళూరులో రెండేళ్లు ఒకరి దగ్గర నేర్చుకుని వచ్చి సొంతంగా పెట్టింది నా బిడ్డ.

ఈ రోజు తెలుసుకున్నది — ఎద్దుకు ఎనిమిది లాడాలు, కుక్కకు పద్దెనిమిది గోళ్లు. ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి. ముందు కాలికి కాస్త పైన ఒక గోరు ఉంటుంది. నేలకు ఆనదు, అరగదు. వదిలేస్తే గుండ్రంగా తిరిగి కండలోకి దిగుతుంది. తెల్ల గోటిలో రక్తనాళం ఎర్రగా కనిపిస్తుంది. నల్ల గోటిలో కనిపించదు — కొంచెం కొంచెంగా తీయాలి.

"తెలిసిందా నాయనా?"

"గిట్టలు చెక్కినోనికి గోళ్లు నేర్పిస్తాండావా మ్మా?" అన్నాను. ఇద్దరం నవ్వాం.

కత్తిరించిన గోటి ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. అదే వాసన! గిట్ట చెక్కినప్పుడు వచ్చే తడి కొమ్ము వాసన. కళ్లలో నీళ్లు తిరిగాయి. సుజాత చూడలేదు.

జూన్ 5, గురువారం

తెల్లబొచ్చు కుక్క ఒకటి వచ్చింది. నా పళ్లపొడితో దాని పళ్లు తోమబోయాను. సుజాత చేయి పట్టుకుంది. "అది ఉమ్మదు నాయనా, మింగేస్తాది. దాని పేస్టు వేరే ఉండాది."

నిజమే. దానికి ఉమ్మడం ఎవరు నేర్పారు! వేలికి తొడిగే బ్రష్షు, కోడికూర రుచి పేస్టు. వెనక దవడ పళ్లు బాగా తోమాలి, గార అక్కడే పడుతుంది. నా నోట్లో మిగిలినవి తొమ్మిది. నాకెవరూ ఇంతవరకు కోడికూర రుచి పేస్టు కొనివ్వలేదు.

జూన్ 7, శనివారం

ఈ పొద్దు నా చెవి గెలిచింది. కుక్క గుమ్మం దాటి నాలుగడుగులు వేసింది, అంతే. నేను తువ్వాలు మడుస్తూనే చెప్పాను — ఎడమ ముందు కాలు, లోపలి గోరు పొడుగు. సుజాత వంగి చూసింది. అదే!

"ఎట్ల తెలిసింది నాయనా?"

"విన్యా."

టైల్స్ మీద టక్ టక్ అంటే గోరు పొడుగని. మా కాలంలో తారు రోడ్డు మీద బండి పోతుంటే ఏ ఎద్దుకు ఏ కాలి లాడం వదులైందో ఇంట్లో అన్నం తింటూ చెప్పేవాణ్ణి. బండ్లు వరసగా వచ్చేవి, బండలు దుమ్ము కొట్టుకుని... ఎద్దుల మెడల్లో గంటలు. మా ఇంటి ముందు ఎనిమిది, పది జతలు నిలబడేవి. బండివాళ్లు బీడీలు తాగుతూ, ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటూ... ఎన్నేళ్లయింది ఆ సందడి విని. ఈ షాపులో మళ్లీ వరస కనిపిస్తోంది. గంటలకు బదులు గొలుసులు.

జూన్ 10, మంగళవారం

ఎట్లా రాయాలి.

పులివెందుల ఓబుల్రెడ్డి జాకీని తీసుకొచ్చాడు. అరటితోటల ఆయన. జాకీ నల్ల లాబ్రడార్, పదకొండేళ్లు, మూతి దగ్గర నెరిసింది. గోళ్లన్నీ నల్లవి. కుడి ముందు కాలి పైగోరు ఉంగరంలా తిరిగింది. బంగారం లాంటి కుక్క, ఎవరికైనా కాలు ఇచ్చేది.

ఓబుల్రెడ్డి నన్ను గుర్తుపట్టాడు. "ఏం మామా, నువ్వేనా! మా నాయన ఎద్దులకు లాడాలు కొట్టింది నువ్వే గదా. దీనిక్కూడా కొడతావా ఏంది?"

"కొడతానప్పా. నాలుగు కాళ్లు ఉండాయి గదా!"

ఎంత నవ్వామో. ఆయన భార్యను తీసుకుని బజారుకు పోయాడు. సుజాత వెనక గదిలో ఇంకో కుక్కకు స్నానం చేయిస్తోంది. నాకేం పుట్టిందో... ఆమె వచ్చేలోగా పద్దెనిమిదీ తీసేసి చూపిద్దామని.

తాడు వేశాను. ఎద్దును పడవేసినట్టే. నడుముకు ఒక చుట్టు, ఒక్క లాగు — కూలింది. నాలుగు కాళ్లూ కలిపి కట్టాను. చేయి ఏమీ మరచిపోలేదు, అదీ సంతోషం ఆ క్షణంలో! జాకీ అరిచిన అరుపు ఏ ఎద్దూ నా దగ్గర అరవలేదు. టైల్స్ మీద పోసేసుకుంది. సుజాత చేతుల నిండా నురుగుతో పరుగెత్తుకొచ్చింది.

"నాయనా! ఏంది ఇది! విప్పు, ముందు విప్పు!"

నేను వేసిన ముడే. విప్పలేకపోయాను. ఆమె కత్తెరతో తాడు కోసింది.

ఒక్క గోరు కూడా తీయలేదు.

జూన్ 11, బుధవారం

ఓబుల్రెడ్డికి సుజాత నిన్ననే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఈ పొద్దు సుజాత నా ముఖం చూడకుండా — "నువ్వు గోళ్ల కాడికి రావద్దు నాయనా. తువ్వాళ్లు ఆరెయ్యి, సాలు."

ఆరేశాను.

జూన్ 14, శనివారం

జాకీని మళ్లీ తెచ్చారు. కారు దిగలేదు. నన్ను చూసి సీటు కిందికి దూరింది. ఇంట్లో కూడా కాలు ముట్టుకోనివ్వడం లేదట, ఓబుల్రెడ్డినైనా సరే. పైగోరు మొన కండను తాకుతోంది. మత్తు సూది వేసి తీయవచ్చని పశువుల డాక్టరు చెప్పాడట, కానీ ఈ వయసులో గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడట. రెండు వారాలు చూద్దాం, దానంతట అది కాలు ఇస్తే మంచిది, ఇవ్వకపోతే ఇక సూదే అన్నాడట.

రెండు వారాలు. అడిగితే చాలు కాలు ఇచ్చే కుక్క. నా వల్ల.

జూన్ 15, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో వినలేదు. ఆడవాళ్ల వైపు బెంచీలు చూస్తూ కూర్చున్నాను. నా ఇంటిది రూతమ్మ పోయి ఆరేళ్లు.

నేను ఎద్దు కాళ్ల దగ్గర, రూతమ్మ తల దగ్గర. మా పని ఎప్పుడూ అంతే. ఎద్దును పడవేయగానే వచ్చి మెడ పక్కన కూర్చునేది. అరచేయి దాని కంటి మీద పెట్టి ఏదో చెప్తూ ఉండేది. సుత్తి దెబ్బల్లో నాకు వినపడేది కాదు. విందామని కూడా అనుకోలేదు. ఎద్దు కదలకపోతే నా కట్టు గట్టిదనుకునేవాణ్ణి. నలుగురితో చెప్పుకునేవాణ్ణి కూడా, నా ముడి ముడి అని! ఆమెకు జ్వరం వచ్చిన రోజు ఎద్దు తన్ని నా మోచేయి విరిగింది. ఆ రోజు ముడి సరిగ్గా పడలేదనుకున్నాను. ఇన్నేళ్లూ అట్లాగే అనుకున్నాను...

జూన్ 16, సోమవారం

సుజాతను అడిగాను, మీ అమ్మ ఎద్దులతో ఏం చెప్పేదని.

"నీకు తెలీదా నాయనా! ఆ పూట ఏం వండాల్నో చెప్పేది. ఈ పొద్దు అలసంద పప్పు చేస్తానప్పా, వంకాయలు రెండే ఉండాయి, మీ లాడాలాయనకు కారం శానా కావల్ల... అట్ల. నేను పక్కన కూర్చోని వింటాంటి."

"నా గురించి ఇంకేం చెప్పేది?"

"అది ఎద్దులకు చెప్పింది. నీకెందుకు?"

నవ్వింది. ఆరు రోజులకు నవ్వింది నా తల్లి!

జూన్ 17, మంగళవారం

ముద్దనూరు మీదుగా పులివెందుల. ఓబుల్రెడ్డి ఇంటికి పోయాను. సుజాతకు చెప్పే పోయాను. "ముట్టుకోవద్దు. నువ్వు దాని కాడికి పోవద్దు, అదే రావల్ల" అంది.

"గోరు ముట్టనప్పా, ఊరికే కూర్చుంటా" అన్నాను ఓబుల్రెడ్డితో.

"కూర్చో మామా, ఎవరొద్దన్నారు. పగ్గం గిగ్గం తెచ్చినావా?"

రెండు చేతులూ ఎత్తి చూపించాను.

జాకీ వరండా ఆ చివర, నేను ఈ చివర. గంట కూర్చున్నాను. వంకాయ కూర ఎట్లా చేస్తానో చెప్పాను, గోడకు చెప్పినట్టు. తోక కదలలేదు. ఒక చెవి మాత్రం ఇటు తిరిగింది. చాలు! బస్సులో కీర్తన పాడుకుంటూ వచ్చాను. పక్కాయన ఇంకో సీటుకు మారాడు.

జూన్ 19, గురువారం

ఓబుల్రెడ్డి భార్య జాకీకి అన్నం కలుపుతోంది. చూస్తే ఉల్లిగడ్డ కూర. "మ్మా, ఉల్లిగడ్డ దానికి విషం" అన్నాను.

"అయ్యో, నాకేం తెల్సు పెద్దాయనా! మేం తినేదే అదీ తింటాది అనుకుంటి."

సుజాత నేర్పినదంతా అప్పజెప్పాను. కోడిమాంసం ఉప్పు కారం లేకుండా ఉడికించాలి. అన్నం, గుమ్మడికాయ ముక్కలు కలపవచ్చు. ఉడికిన ఎముక వద్దు, చీలి గొంతులో గుచ్చుకుంటుంది. చాక్లెట్టు, ద్రాక్ష అసలు వద్దు. ఆమె వింటూ ఉంది, నేను చెప్తూ ఉన్నాను — ఐదో తరగతి చదివినవాణ్ణి!

కోడి ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఈ రోజు పప్పుచారు గురించి చెప్పాను. జాకీ చాలాసేపు చూసింది. మెడ చాపి, కాళ్లు అక్కడే ఉంచి, ముక్క తీసుకుంది.

జూన్ 21, శనివారం

వీపు దువ్వనిచ్చింది. కాలి వైపు చేయి పోగానే లేచిపోయింది.

జూన్ 22, ఆదివారం

బస్సు తప్పిపోయింది. మనసంతా అక్కడే.

జూన్ 24, మంగళవారం

వచ్చి నా తొడ మీద తల పెట్టింది! దానంతట అదే! కదిలితే పోతుందని కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. ఓబుల్రెడ్డి తలుపు దగ్గరనుంచి — "మామా, నిన్ను కట్టేసింది సూడు ఇప్పుడు." నవ్వు ఆపుకోలేక చచ్చాను.

మెల్లగా అరచేయి కంటి మీద పెట్టాను. గోంగూర పప్పు చెప్పాను. ఊపిరి వదిలింది, పెద్దగా.

ఇంటికి రాగానే సుజాతకు ఫోను. రెండు సార్లు చెప్పించుకుంది. "ఎల్లుండి షాపు మూసి నేనూ వస్తా" అంది.

జూన్ 26, గురువారం

సుజాతా నేనూ. వరండాలో చాప. జాకీ వచ్చి నా పక్కన పడుకుంది. సుజాత ముందు ఊరికే కూర్చుంది. తర్వాత కాలు నిమిరింది. లాక్కోలేదు. సంచిలోంచి క్లిప్పర్ తీసి నా వైపు చాపింది.

"పట్టు నాయనా. నువ్వే తియ్యి."

ఈ నెల మూడో తారీకు నుంచీ ఈ మాట కోసమే కదా! చేతిలోకి తీసుకున్నాను. బరువు చూశాను. తిరిగి ఇచ్చేశాను.

"నువ్వు తియ్యి మ్మా. నేను తల కాడ కూర్చుంటా."

సుజాత నా ముఖంలోకి చూసింది. కాలి దగ్గరకు జరిగింది.

జాకీ మెడ పక్కన కూర్చున్నాను. కంటి మీద అరచేయి. రెప్పలు కొట్టుకోవడం చర్మానికి తెలుస్తోంది — ఒక్కో కత్తిరింపుకు ఒకసారి గట్టిగా, తర్వాత మెల్లగా. అంటే రూతమ్మకు ప్రతి సుత్తి దెబ్బా అరచేతిలో తెలిసేది. నాకు ఏనాడూ చెప్పలేదు. నేను అడిగితే కదా.

చెప్తూ ఉన్నాను. వంకాయ, పప్పుచారు, గోంగూర, చింతపండు పులుసు, కోడిగుడ్డు... వెనక కాళ్లు అయ్యాయి. ఎడమ ముందు కాలు అయింది. కుడి ముందు కాలికి నాలుగు అయ్యాయి. పదిహేడు! పైగోరు దగ్గర నాకు వంటలు అయిపోయాయి. నిజంగా! నాకు వచ్చినవి ఏడో ఎనిమిదో. చెప్పినవే చెప్పబోయి ఆగాను, ఆ ఆగిన క్షణంలోనే జాకీ కాలు లాక్కుంది. లేచి, మూలకు పోయి కూర్చుంది.

సుజాత పట్టుకోలేదు. క్లిప్పర్ సంచిలో పెట్టేసింది. "వద్దు నాయనా, బలవంతం వద్దు. శనివారం వద్దాం."

శనివారానికి డాక్టరు చెప్పిన రెండు వారాలు.

జూన్ 27, శుక్రవారం

నిన్న తిరుగు బస్సులో సుజాతను అడిగాను, మీ అమ్మ ఇంకేమేం వండేదో చెప్పమ్మా అని. ముద్దనూరు దాకా చెప్తూనే ఉంది. చింతచిగురు పప్పు, ఊరిమిండి పచ్చడి, మటిక్కాయ వేపుడు, ఉలవచారు, పండక్కి ఓళిగలు... ఇరవై దాటాయి. నాకు ఊరిమిండి తప్ప ఒక్కటీ చేయడం రాదు. తిన్నాను, అంతే. నలభై ఏళ్లు ఊరికే తిన్నాను.

ఆమె ముద్దనూరులో దిగి ప్రొద్దుటూరు బస్సు ఎక్కింది. రెండు బస్సులూ పక్కపక్కనే నిలబడి ఉంటే కిటికీలోంచి ఏదో అరిచి చెప్పింది, చేత్తో తిప్పి చూపిస్తూ — ఇంకొక వంట. నా బస్సు ఇంజను అప్పుడే మొదలైంది, పేరు వినపడలేదు.

పొద్దున్నుంచి ఫోను చేస్తున్నాను. పనిలో ఉన్నట్టుంది, ఎత్తడం లేదు. వరసగా అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. చివర ఒక గీత గీసి ఖాళీ ఉంచాను. రేపు తొలి బస్సు.