మిగిలిన డేటా

మస్కట్

ప్రియమైన రత్నకు,

రెండు వారాలుగా ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అలిగావా? ఈ ఎడారిలో మా సోలార్ క్యాంపు మంచం మీద పడుకున్నా సిగ్నల్ నిండుగా ఉంటుంది, డేటా వేయించుకోవాలంటేనే గుండె జారుతుంది. మన వల్లూరులో నెలంతా ఫోన్‌లో సినిమాలు చూసే డబ్బు ఇక్కడ వారం డేటాకు చాలదు. పైగా పోయిన నెల ఊరూ పేరూ తెలియని ఇండియా నంబర్ల నుంచి రోజుకో ఆడియో వచ్చింది. మోసగాళ్లేమోనని ఒక్కటీ తెరవకుండా అన్నీ తీసేశాను. బాగున్నానని ఒక్క ముక్క రాయి.

నీ శివరాజు

వల్లూరు

ప్రియమైన బావకు,

అవి మోసగాళ్లవి కావు, నావి.

గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్ అయింది, ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం ఇక రాదట. చెబితే పని వదిలేసి వస్తావని దాచాను. మాట పోయేలోగా నీతో తనివితీరా మాట్లాడాలనిపించింది. కాల్‌లో అయితే బిల్లు భయం, ఆడియో పంపుదామంటే నాదేమో బటన్ ఫోన్. మన ఊరి సోలార్ ప్లాంటులో నాతో ప్యానెళ్లు కడిగే బోరమ్మత్త, "రాత్రయితే మిగిలిన డేటా ఊరికే పోతాది పిల్లా, నా ఫోన్‌లో మాట్లాడు" అనింది. ఆ తర్వాత మా గుంపులో ఆడవాళ్లంతా రోజుకొకరు ఇచ్చారు. ఎన్నో ఊళ్లకు కరెంటు పంపే చోట సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కాలి కదా, పని దిగాక వాళ్లే ఎక్కి పంపారు. నీ జవాబు రాకపోతే వినే తీరిక లేదేమో అనుకున్నాను. ఉత్తరం చదివాక ఏడుపు ఆగలేదు.

నీ రత్న

మస్కట్

ప్రియమైన రత్నకు,

నీ గొంతును నా చేత్తోనే చెరిపేశాను. ఫోన్‌లో మిగిలిన ఆ నంబర్లలో ఒకదానికి ఏడుస్తూ ఫోన్ చేస్తే బోరమ్మత్త ఎత్తి, "నీ ఫోన్‌లో పోతే పోయినాయి, మా ఫోన్లలో ఉండాయి కదప్పా!" అని కసిరింది. సాయంత్రానికి అందరూ ట్యాంకెక్కి మళ్లీ పంపారు. నా డేటా అయిపోతే గదిలో ఉండే ఓబులేశ్ తనది ఇచ్చాడు. వాళ్లందరికీ ఎలా మొక్కాలో తెలియడం లేదు.

అన్నీ విన్నాను. ఎప్పుడూ "బిల్లు అయితాది, పెట్టేయి బావా" అనేదానివి. ఇందులో మాత్రం నవ్వుతూ, "ఈ పొద్దు తొందర లేదు బావా, ఇది అత్త డేటా" అన్నావు.

సెలవు అడిగాను. అది దొరికేదాకా ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాను, ఎత్తు. నేనే మాట్లాడతాను. వింటున్నావని గాజులు కదిలించు, చాలు. పెట్టేయమనడానికి నీకిక వీల్లేదు.

ఎప్పటికీ నీ
శివరాజు