గుమ్మం పట్టని క్రిబ్

జూన్ 9, సోమవారం

డే కేర్‌కి క్రిబ్, అదే చక్రాలున్న పసిపిల్లల మంచం, వచ్చింది. నిప్పంటుకుంటే నడక రాని పిల్లల్ని అందులో వేసి బయటికి తోసుకెళ్లాలట. ఆ పిల్లలు ఆరుగురూ నేను చూసుకునే గదిలోనే ఉంటారు. మెకానిక్ గదిలోనే కూర్చుని బిగించాడు. సరదాగా తోసి చూశాను. గుమ్మానికి కొట్టుకుని ఆగిపోయింది. ఒక్కరైనా కొలిచిన పాపాన పోలేదు!

డే కేర్ నడిపే మేడమ్‌కి చెప్పాను. ఇన్‌స్పెక్షన్‌లో క్రిబ్ ఉందా లేదా అనే చూస్తారు, నీకెందుకు ఈ తలనొప్పి అన్నారు.

జూన్ 12

ఇన్‌స్పెక్షన్. క్రిబ్‌ని ఊడదీసి వరండాలో బిగించారు. డ్రిల్ బెల్ మోగకముందే పిల్లల్ని అందులో పడుకోబెట్టారు! మేడమ్ నాలుగడుగులు తోశారు. ఆఫీసరు వెరీ గుడ్ అన్నాడు. గదిలోంచి తోయించండి సార్ అన్నాను. ఈవిడకి కంగారెక్కువ లెండి అని మేడమ్ నవ్వేశారు. ఆయనా నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది. ఎవడి కళ్లకి గంతలు కడుతున్నారు వీళ్లు?

జూన్ 13

మేడమ్ క్రిబ్ తోస్తున్న ఫొటో పేరెంట్స్ గ్రూప్‌లో పెట్టారు. సిగ్గూ ఎగ్గూ లేదు. క్రిబ్‌ని ఊడదీసి మళ్లీ నా గదిలోనే బిగించారు.

జూన్ 17, సాయంత్రం



వంటగదిలో ప్లగ్ కాలి పొగ కమ్మేసింది. వంటావిడ నా గదికి పరుగెత్తుకొచ్చింది. పాపం, ఆ రోజు డ్రిల్ చూసింది కదా, నేను వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా ముగ్గురిని క్రిబ్‌లో వేసి బలమంతా పెట్టి తోసింది. గుమ్మంలో ఇరుక్కుపోయింది. వెనక్కి రాదు, ముందుకి పోదు. ఉన్నది ఒక్కటే తలుపు. పిల్లలందరితో మేమిద్దరం లోపలే. దాని మీదుగా ఒక్కొక్కరినీ, అరుపులు విని అవతలికొచ్చిన వాచ్‌మన్ చేతుల్లో పెట్టాను. చంటిది దగ్గి దగ్గి నీలం తిరిగింది. తర్వాత తేరుకుంది, బతికిపోయాం.

చిన్న పొగకి ఇంత రాద్ధాంతమా, పేరెంట్స్ వచ్చేలోపు దాన్ని లాగెయ్యండి అన్నారు మేడమ్. చెయ్యి వేస్తే ఊరుకోనన్నాను. దాని పక్కనే నేలమీద కూర్చున్నాను. చంటిదాని అమ్మ వచ్చి ఇదేంటి ఇక్కడుందని అడిగింది. తోసి చూడమ్మా అన్నాను. తోసింది. మళ్లీ తోసింది. నా పక్కనే కూలబడింది. వచ్చిన ప్రతివాళ్ల చేతా తోయించాను.

జూన్ 19

వెడల్పు చెయ్యడానికి గుమ్మం పగలగొడుతున్నారు. మేడమ్ నన్ను నెలాఖరుకి మానెయ్యమన్నారు. సుత్తి దెబ్బలకి, ముందు గదిలోకి మార్చిన పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు.

ఏడవనీ. ఆరు గొంతులూ వినిపిస్తున్నాయి.