ఒక కంటికి వంకాయ, ఒక కంటికి నేరేడు

ఫిబ్రవరి 9

రేపు వేలూరులో మామకు కుడి కంటి శుక్లం ఆపరేషన్. ఈ రోజైనా రంగు తొట్టి వదలమంటే వినలేదు. "ఒక కన్నే గదమ్మా, ఇంకోటి ఉండాది" అన్నాడు. పొయ్యి నాది, నూలు చుట్టల్ని, అదే చిలపల్ని, కట్టెకు వేసి తిప్పడం నాది. నీలం పొడి ఎంత వేయాలో, ఎప్పుడు "చాలు" అనాలో మాత్రం ఆయనదే. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ తొట్టి దగ్గర ఆ మాట ఇంకెవరి నోటా వినలేదు.

మా ఆయన ఈ డైరీలోకి తొంగి చూసి – "మళ్ళీ జిలేబీలు చుడతా ఉండావా?" తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరం ముక్క రాదు. ఇంట్లో ఎవరికీ రాదు, అందరిదీ అరవ బడే. పలమనేరులో చదువుకున్నందుకు ఇదొక లాభం. డైరీకి తాళం అక్కర్లేదు.

ఫిబ్రవరి 10

మా గుడియాత్తం నుంచి కాట్పాడి దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. నర్సు మామ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది, మెషిన్‌లో ఏమీ కనబడలేదు. గోళ్ళ నిండా వంకాయ రంగు. దూదితో తుడిచింది, మళ్ళీ తుడిచింది... "అది పోదు పాపా, నాతోనే వస్తాది" అన్నాడు మామ. చివరికి క్లిప్పు చెవికి పెట్టారు. ఆపరేషన్ బాగా జరిగింది. హమ్మయ్య.

ఫిబ్రవరి 11

కట్టు విప్పారు. బస్సు కిటికీలోంచి చంటిపిల్లాడిలా చూస్తూనే ఉన్నాడు. ఆకాశం చూసి ఆశ్చర్యం, గోడల సున్నం చూసి ఆశ్చర్యం. "నీ చీర నీలమా? నేను బూడిద రంగనుకుంటా ఉంటి!" ఎంత సంతోషమేసిందో.

ఫిబ్రవరి 12

పొద్దున్నే పెరట్లో దండెం మీద ఆరిన చిలపల ముందు నిలబడిపోయాడు.

"ఎవరు ముంచినారు దీన్ని?"

"మీరే మామా. ఆపరేషన్‌కు ముందు రోజు."

"నేను ముంచింది వంకాయ. ఇది నేరేడుపండు గదా!"

కుడి కన్ను మూశాడు. తెరిచాడు. ఎడమ కన్ను మూశాడు. పాత కంటికి వంకాయ, కొత్త కంటికి నేరేడు. మూయడం, తెరవడం... నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు.

ఫిబ్రవరి 13

కట్టు విప్పేటప్పుడు నర్సు చెప్పింది గుర్తొచ్చింది. శుక్లం ముదిరిన కన్ను పసుపు అద్దంలోంచి చూసినట్టట, నీలం సరిగ్గా కనబడదట. కనబడని నీలాన్ని మామ ఏడాదికింత చొప్పున ఎక్కువ వేస్తూ వచ్చాడన్నమాట. రోజూ చూసేవాళ్ళం, ఎవరమూ కనిపెట్టలేదు. నాకైతే వంకాయ రంగంటే ఇదే.

మధ్యాహ్నం ముద్ద సగంలో లేచిపోయాడు. "ఊరందరికీ తప్పు రంగు కట్టబెడితిని" అన్నాడు. పాపమనిపించింది.

ఫిబ్రవరి 16

మామే నన్ను వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళాడు. మా నూలుతో లుంగీలు నేయించి అమ్మే శెట్టిగారి అంగడికి. తప్పు ఒప్పుకోవడానికట! నల్లద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని చెప్పాడు. శెట్టిగారు విని విని పకపకా నవ్వాడు.

"అట్లనా మామా! వంకాయ రంగు ఊరంతా దొరకతాది. జనం నా అంగడి ఎక్కేది నీ రంగు కోసరమే. అదే కలర్ దాన్ వేణుమ్, ఆ రంగే కావల్ల అంటారు. రంజాన్ దగ్గరికొస్తా ఉండాది, అదే కావల్ల నాకు. మార్చినావంటే నేనొప్పుకోను."

తిరిగొస్తుంటే వీధి మలుపులో మామ – "తప్పుకు కూడా పేరొస్తాదేమ్మా?"

ఫిబ్రవరి 17

టీ అంగడిలో వచ్చినవాడికల్లా ఈ కథ చెబుతున్నాడట. బెంగ తీరినట్టే.

ఫిబ్రవరి 20

తీరలేదు. ఎడమ కంటికి ఆపరేషన్ వచ్చే నెల పదిన. ఆ శుక్లం కూడా పోతే, పాత కంటి అంచనాతో వచ్చే ఆ రంగు ఆయనకు మళ్ళీ దొరకదు. "అది పోతే నా చేతికి ఆ రంగు రాదు. రంజాన్ అయినాక చూస్తాంలే ఆపరేషన్" అన్నాడు. మా ఆయనకు కోపమొచ్చింది. "రంగు కోసరం కన్ను పోగొట్టుకుంటావా నాయనా? ఆవిరి కాడికి పోవద్దని డాక్టరు చెప్పలా?" ఇద్దరూ ఇద్దరే.

నా నోటి నుంచి ఎలా వచ్చిందో – "నేను ముంచుతా" అన్నాను.

మామ నా వైపు తిరిగి, "చాలు అనేదానికి నీకు ధైర్యముండాదా?" అన్నాడు.

ఫిబ్రవరి 23

లేదు. భయపడి ముందే ఆపేశాను. చిలపలో పోగొకటి తుంచి మామ మణికట్టుకు కట్టాను. ఎప్పుడూ చేసేదే... ఆ పోగుతో టీ అంగడికి వెళ్తాడు, టీ అయ్యేసరికి అది ఆరుతుంది, వీధి వెలుతుర్లో చూస్తాడు. "తడి రంగు అబద్ధం చెప్తాది" అంటాడు. ఈ రోజు తిరిగొచ్చి ఒకటే మాట: "పచ్చి కాయ."

ఫిబ్రవరి 27

ఈసారి నీలం ఎక్కువైంది. "కాటుక" అన్నాడు.

మార్చి 4

ఆవిరి తగలకుండా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని అక్కణ్ణించే అరుపులు. "తొట్టిలోకి చూడొద్దు! పిండినావు గదా, ఆ కొస చూడు!" మా ఆయన కట్టెలు మోస్తూ – "నాయనా, నీ కేకలకే రంగు పారిపోతా ఉండాది." చాలా రోజుల తర్వాత ముగ్గురం కలిసి నవ్వాం. ఒళ్ళు నొప్పులు. అయినా పొద్దున లేవగానే తొట్టి దగ్గరికి పోవాలనిపిస్తోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మార్చి 9

పొద్దున్నే పొయ్యి. ముంచాను, తిప్పాను, పిండిన కొస చూశాను. ఇంకో చిటికెడు. మళ్ళీ చూశాను. వెనక్కి తిరిగి, "చూడండి మామా" అన్నాను.

"నన్నడగొద్దు. నా రెండు కండ్లు రెండు మాటలు చెప్తా ఉండాయి."

కట్టె పైకెత్తాను. "చాలు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మామ లేచి వచ్చాడు. పోగొకటి తుంచాడు. మణికట్టు చాచుతాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని నాకు కట్టాడు. "పో, టీ తాగేసి రా" అన్నాడు.

టీ అంగడి బల్ల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. అందరూ జరిగి చోటిచ్చారు. టీ అయిపోయింది. పైన మబ్బు. పోగు తడి తడిగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి మామ రేపటి సంచి సర్దుకుంటున్నాడు. చెయ్యి చాచాను. చూడలేదు. "ఎల్లుండి చూస్తాలే, రెండు కండ్లతో" అన్నాడు.

ఈ పేజీ మీద చెయ్యి ఆనించిన చోటల్లా మరక. వంకాయో నేరేడో... ఇంకా ఆరలేదు.